బోరు నీళ్ళ పరీక్ష: కమ్యూనిటీ మెడిసిన్ చదువు గురించి ఒక పాఠం



ఈ సంచికకు ఒక పాఠం రాయమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లలకు పాఠాలు చెప్పుకొంటున్న మాకు, పెద్దలకు పాఠం చెప్పాలంటే కొంచెం బిడియమే. అయితే ఈ పాఠం మేము కనిపెట్టింది కాదు. మన స్కాలర్‌షిప్‌తో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మాకు నేర్పింది. విన్నది విన్నట్టుగా మీకు అప్పగిస్తున్నాం.

గత ఏడాది సూర్యాపేటలో స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు జరిగాయి. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి పిల్లలు వచ్చారు. ఎం.బి.బి.ఎస్. చదివే పిల్లలను మేము ఏటా ఒక ప్రశ్న అడుగుతాం: "ముందు ముందు ఏ స్పెషాలిటీ చేద్దామనుకుంటున్నావు బేటా?" జవాబులు కూడా ఏటా అవే. గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు, రేడియాలజీ, చర్మవ్యాధులు. విని సంతోషించి, దువా చేసి పంపిస్తాం.

కోదాడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం "కమ్యూనిటీ మెడిసిన్ గురించి ఆలోచిస్తున్నాను సార్" అంది. తండ్రి హైవే మీద లారీల మెకానిక్. పక్కనే కూర్చున్న ఆయన ముఖం చిన్నబోయింది. మా కార్యవర్గంలో ఒక పెద్దాయన "అంటే దవాఖానా పెట్టుకోవా? పేషెంట్లు రారా?" అని అడిగారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. "మంచి ర్యాంకు రానివాళ్ళు తీసుకునే సీటు కదమ్మా అది" అని మా నోటితోనే అన్నాం.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. "సార్, ఒక్క మాట అడగవచ్చా? మన సంస్థ తరఫున ఊళ్ళల్లో బోర్లు వేయించారు కదా. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అని అడిగింది.

చేయించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

మేము చేసిన పొరపాటు

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత నల్గొండ జిల్లా పడమటి వైపు ఒక పల్లెటూరి బడిలో పని చేశాం. తరగతిలో సగం మంది పిల్లలకు గారపళ్ళు. పళ్ళమీద సున్నపు మచ్చలు, పసుపు చారలు, కొందరికి ముదురు గోధుమ రంగు. "రోజూ పళ్ళు తోముకోవాలని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని ఆ పిల్లలను ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి కోప్పడ్డాం. ఒక పిల్లవాడు మర్నాడు బొగ్గుతో, ఇసుకతో చిగుళ్ళు నెత్తురు కారేలా తోముకొని వచ్చాడు.

ఆ మచ్చలు తోమితే పోవు. పన్ను దవడ లోపల తయారవుతున్న దశలో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు వయసులో, తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పింగాణీ పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటకు వచ్చేసరికే మచ్చ ఉంటుంది. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. తప్పు వారి బడి ఆవరణలోని బోరుది. బి.ఇడి. చదివిన మాకు ఆ సంగతి తెలియదు. చెప్పే డాక్టరు కూడా ఆ ఊరికి రాలేదు.

ఊరికి వచ్చి, అందరి పళ్ళూ చూసి, "జబ్బు పిల్లల్లో లేదు, నీళ్ళల్లో ఉంది" అని చెప్పగల డాక్టరు చదివే చదువే కమ్యూనిటీ మెడిసిన్.

ఈ చదువులో ఏముంటుంది?

దీన్ని ఇదివరకు ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ అనేవారు. విద్యార్థులు పొట్టిగా పి.ఎస్.ఎం. అంటారు. ఎం.బి.బి.ఎస్. చదివిన ప్రతి ఒక్కరికీ "పార్క్" అనే లావుపాటి పుస్తకం గుర్తుంటుంది. అది ఈ సబ్జెక్టుదే. ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేళ్ళు చదివితే కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. పట్టా వస్తుంది.

మిగతా డాక్టర్లకు, వీరికి తేడా ఒక ఉదాహరణతో చెబుతాం. నడుము వంగిపోయిన మనిషి ఎముకల డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన ఎక్స్‌రే తీసి ఆ ఒక్క మనిషికి వైద్యం చేస్తారు. కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరు ఆ మనిషిని "మీది ఏ ఊరు? మీ వీధిలో ఇలాంటివారు ఇంకెంతమంది? ఏ బోరు నీళ్ళు తాగుతారు? ఏం తింటారు?" అని అడుగుతారు. ఆయనకు రోగి అంటే ఆ ఊరు మొత్తం. లెక్క వేయడం, కారణం వెతకడం, జబ్బు రాకుండా అడ్డుకోవడం ఆయన పని. టీకాలు, తల్లీబిడ్డల ఆరోగ్యం, టి.బి., మలేరియా, డెంగీ, పోషకాహారం, తాగునీరు అన్నీ ఈ చదువు కిందికే వస్తాయి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. బాగ్దాద్‌లో ఆసుపత్రికి స్థలం ఎంపిక చేయమన్నప్పుడు అర్‌రాజీ నగరంలో వేర్వేరు చోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళిందో ఆ చోటు ఎంచారని పూర్వులు ఒక కథ చెప్పుకొంటారు. గాలి, నీరు, నేల మనిషి ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయన్న ఎరుక ఆ కథలో ఉంది. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోయారు. మరణాలు చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ కనిపించాయి. ఆయన మాట విని ఆ పంపు పిడి ఊడదీశారు. కలరాకు కారణమైన సూక్ష్మజీవి గురించి వైద్యలోకానికి ఇంకా తెలియని రోజులవి. అయినా ఇంటింటికీ తిరిగి లెక్క తీసిన డాక్టరు దారి కనుక్కున్నారు.

మన జిల్లా కథ

అంత దూరం ఎందుకు? మన జిల్లా పేరు ప్రపంచ వైద్య పుస్తకాల్లో ఉన్నది ఈ సబ్జెక్టు వల్లనే.

భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలోని పల్లెల గురించి. ఆ పల్లెలు కొన్ని ఇప్పటి ప్రకాశం జిల్లాలో ఉన్నాయి. తమ ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం అక్కడి రైతులే ముందుగా గమనించారని చెబుతారు.

నల్గొండ గురించి 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాశారు. ఆ వ్యాసాన్ని ఇంగ్లండులోని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. వెన్నెముక బిగుసుకుపోయి, ఎముకలు చిక్కబడి, నరాలు నొక్కుకుపోయి కాళ్ళుచేతులు పడిపోయే స్థితి వరకు వచ్చిన మన పల్లెల మనుషుల గురించి ఆయన వివరంగా రాశారు. మన పిల్లలకు ఎందరో సినిమా తారల పేర్లు తెలుసు. ఈ డాక్టరుగారి పేరు తెలిసిన పిల్లవాడు మాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ అమ్మాయి చెప్పేదాకా మాకూ తెలియదు.

అదే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలతో, రైస్ మిల్లులతో కళకళలాడాయి. ఈ సంచిక చదువుతున్న దాతలలో చాలామంది వ్యాపారం ఆ నీటి చలవే. అదే పాత జిల్లాలో కాలువ ఎక్కని మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు మెట్ట పల్లెలు బోర్ల మీదే బతికాయి. ఆ నేల కింద గ్రానైటు రాయి. ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్ళల్లోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా ఉండి క్షారగుణం ఉన్న నీటిలోకి ఇంకా ఎక్కువగా దిగుతుంది. నీళ్ళు అందక బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల సమస్య పెరుగుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారు కూడా మన జిల్లాకు వచ్చారు. 1973లో డాక్టర్ కృష్ణమాచారి, డాక్టర్ కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి రాశారు. ఫ్లోరైడ్ పల్లెల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని, ఎముకలు గుల్లబారుతున్నాయని గమనించారు. ఫ్లోరైడ్ ఒక్కటే దీనికి కారణమా అని ఆ సంస్థ వారు తరువాత ఇంకా వెతికారు. జలాశయం వచ్చాక భూగర్భజలాలు పైకి లేచి నేల స్వభావం మారిందని, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి శరీరంలో రాగి తగ్గడం కూడా తోడై ఉండవచ్చని వారు భావించారు. నీళ్ళు, నేల, తిండి, ఎముక, వీటన్నింటినీ ఒక్క చూపుతో చూడగలగడమే ఈ శాస్త్రం.

1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళల్లోంచి ఫ్లోరైడ్ తీసివేసే ఒక పద్ధతి రూపొందించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగిన పాళ్ళలో కలిపి, కలియబెట్టి, తేరుకున్నాక పై నీళ్ళు వాడుకోవాలి. దీనికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల ఇంజనీర్లు కూడా ఈ పేరుతోనే దాన్ని చదువుకుంటారు. రోజూ కొలతలు చూసుకోవాలి, అడుగున మిగిలే మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. అందుకని ప్రతి ఇంట్లో అది నిలవలేదు. అయినా మన జిల్లా పేరు లోకమంతా తిరిగింది.

ఆ తరువాత 2008–09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం వచ్చింది. తెలంగాణ వచ్చాక మిషన్ భగీరథ పైపులు నది నీళ్ళను ఆ పల్లెలకు తెచ్చాయి. అది పెద్ద మేలు. కాని ఒకసారి వంగిన వెన్ను నిటారు కాదు. పైపు నీళ్ళు రాని రోజున, పొలంలో, కొత్త కాలనీలో, బడిలో, మసీదు ఆవరణలో ఇంకా బోరే దిక్కవుతోంది.

మంచి మనసు ఒక్కటే చాలదు

ఇప్పుడు దాతలుగా మనం గట్టిగా గుర్తు పెట్టుకోవలసిన ఒక ఉదంతం. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ళు తాగి పసిపిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుంచి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఊరూరా గొట్టపు బావులు వేయించాయి. ఉద్దేశం ఎంతో గొప్పది. వాటిని చూసి ప్రజలు కూడా సొంత ఖర్చుతో లక్షల బావులు వేసుకున్నారు. ఆ నీళ్ళల్లో ఆర్సెనిక్ విషం ఉందేమో చూడాలన్న ఆలోచన అప్పట్లో లేదు. 1993లో అది బయటపడింది. అప్పటికే కోట్లమంది ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగారు.

మనం వేసే బోరు కూడా సద్కా ఉద్దేశంతోనే వేస్తాం. దాహంతో ఉన్నవారికి నీళ్ళు ఇవ్వడం ఎంత పుణ్యమో మీకు మేము చెప్పనక్కర లేదు. ఆ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోవడం కూడా ఆ దానంలో భాగమేనన్నది మేము కొత్తగా నేర్చుకున్న పాఠం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దేశ ప్రమాణం ఇంకా జాగ్రత్తగా 1 మిల్లీగ్రామును హద్దుగా పెట్టి, వేరే నీళ్ళు దొరకని చోట మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటుంది. ఇంకొక సంగతి ఇళ్ళల్లో ఆడవారికి తప్పక చెప్పాలి. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ అలాగే ఉండిపోతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. రంగు, రుచి, వాసన చూసి ఫ్లోరైడ్ ఉన్నదీ లేనిదీ చెప్పలేం. పరీక్ష ఒక్కటే దారి.

మరి ఈ సీటు ఎవరూ ఎందుకు అడగరు?

ఇంత మేలు చేసే చదువైతే పిల్లలు ఎందుకు ఎగబడరు? ఆ అమ్మాయితో, ఇంకొందరు విద్యార్థులతో, ఒకరిద్దరు మెడికల్ కాలేజీ అధ్యాపకులతో మాట్లాడి మేము గ్రహించిన కారణాలు ఇవి.

మొదటిది ఆదాయం. సొంత క్లినిక్, ప్రైవేటు ప్రాక్టీసు ఇందులో తక్కువ. ఎక్కువ మంది జీతం మీద బతకాలి. రెండోది గుర్తింపు. గుండె ఆపరేషన్ చేసిన డాక్టరుకు రోగి జీవితమంతా దండం పెడతాడు. జబ్బే రాకుండా ఆపిన డాక్టరుకు దండం పెట్టేవాడు ఉండడు, ఎందుకంటే తనకు రాబోయి తప్పిన జబ్బు ఏదో అతనికి తెలియదు. మూడోది ఇంటి ఒత్తిడి. లక్షలు ఖర్చు పెట్టి చదివిస్తే బిడ్డ మెడలో స్టెతస్కోపు కనిపించాలని తల్లిదండ్రులు ఆశిస్తారు. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా "ఏ డాక్టరు?" అన్న ప్రశ్న వస్తుంది.

ఇలాంటి కారణాలతోనే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ వంటి విభాగాల్లో ఎం.డి. సీట్లు మిగిలిపోతుంటాయి. 2023 సెప్టెంబరులో మిగిలిన పీజీ సీట్లు నింపడానికి నీట్–పీజీ అర్హత పర్సంటైల్‌ను ఏకంగా సున్నాకు తగ్గించారు. ఒక పక్క పల్లెల్లో డాక్టరు లేడు, ఇంకొక పక్క డాక్టరు సీటు ఖాళీ.

వేరే సీటు రాక ఇందులోకి వచ్చి, మనసు పెట్టకుండా రోజులు గడిపేవారు కూడా ఉన్నారని ఆ అధ్యాపకులే ఒప్పుకున్నారు. అందుకే ఇష్టపడి వచ్చే ఒక్క విద్యార్థి విలువ ఎక్కువ.

అయితే భవిష్యత్తు లేదా?

ఉంది. మెడికల్ కాలేజీల్లో అధ్యాపక ఉద్యోగాలు ఉంటాయి. ఒక్క మన పాత జిల్లాలోనే 2019లో నల్గొండ, సూర్యాపేట రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రతి కాలేజీలో ఈ విభాగం తప్పనిసరి. ప్రభుత్వ ఆరోగ్య శాఖలో కార్యక్రమాల అధికారులు, అంటువ్యాధుల నిఘా అధికారులు కావాలి. హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటి చోట్ల కూడా ఈ చదువుకు విలువ ఉంది.

పోలియో సంగతే చూడండి. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో మన వర్గం ఇళ్ళల్లోనే చాలామంది చుక్కల మందు అంటే భయపడి తలుపులు వేసుకునేవారు. అప్పుడు సర్జన్లు చేయగలిగింది ఏమీ లేదు. ఇంటింటి లెక్క తీసిన ఆరోగ్య బృందాలు, మసీదు మైకులో నాలుగు మంచి మాటలు చెప్పిన ఇమాములు, ఆలిగఢ్, జామియా మిల్లియా వంటి విశ్వవిద్యాలయాల వారు కలిసి ఆ తలుపులు తెరిపించారు. మన భాష, మన ఇంటి మర్యాద తెలిసిన డాక్టరు గడప దగ్గర నిలబడితే ఆ మాట ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పరదా పాటించే ఇళ్ళల్లోకి నేరుగా వెళ్ళి మాట్లాడగల లేడీ డాక్టరైతే చెప్పనే అక్కర లేదు.

విద్యార్థి ఎలా తెలుసుకోవాలి?

ఏ స్పెషాలిటీ అయినా పేరు విని ఎంచుకోకూడదు, పేరు విని వదులుకోకూడదు. ఎం.బి.బి.ఎస్. చదువుతుండగానే రుచి చూసే దారులు ఉన్నాయి. మన స్కాలర్‌షిప్ పిల్లలకు ఈ క్రమం సూచిస్తున్నాం.

ఒకటి: కుటుంబ దత్తత కార్యక్రమం. 2021–22 బ్యాచ్ నుంచి ప్రతి మెడికల్ విద్యార్థికి కొన్ని పల్లె కుటుంబాలను అప్పగిస్తున్నారు. చాలామంది రికార్డు రాసి సంతకం పెట్టించుకొని బయటపడతారు. మన కోదాడ అమ్మాయి అలా చేయలేదు. తనకు అప్పగించిన ఇంట్లో ముసలమ్మ "అమ్మా" అని పిలిస్తే మెడ తిప్పకుండా మొత్తం ఒళ్ళు తిప్పి చూడటం గమనించింది. ఎన్నాళ్ళ నుంచి, ఏ నీళ్ళు అని అడిగింది. పక్కింటికి వెళ్ళింది. అక్కడా అంతే. తన దారి అక్కడ మొదలైందని చెప్పింది.

రెండు: 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఎలెక్టివ్ అనే కాలం ఉంది. విద్యార్థి తనకు నచ్చిన విభాగంలో కొన్ని వారాలు పని చేయవచ్చు. ఆ వారాలను సెలవుల్లా గడిపేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, పరిశోధన బృందంతోనో గడపాలి.

మూడు: భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., 1979 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు స్వల్పకాల పరిశోధన స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. అధ్యాపకుని మార్గదర్శనంలో రెండు నెలల చిన్న పరిశోధన. పూర్తి చేస్తే స్టయిపెండు, సర్టిఫికెట్ వస్తాయి. "మా ఊరి బడిపిల్లల్లో గారపళ్ళు ఎందరికి? వారు తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎంత?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

నాలుగు: లెక్కలంటే భయం పోగొట్టుకోవాలి. ఈ శాస్త్రానికి గణాంకాలే ఆయుధం. తెలుగు, ఉర్దూ రెండింట్లో ప్రశ్నాపత్రం తయారు చేసుకొని అడగడం నేర్చుకోవాలి.

ఐదు: ఈ విభాగంలో పని చేస్తున్న ఇద్దరు ముగ్గురిని కలిసి జీతం, బదిలీలు, కుటుంబ జీవితం గురించి దాపరికం లేకుండా అడగాలి. ఇష్టం ఉండటం వేరు, నష్టం తెలిసి ఇష్టపడటం వేరు.

ఇవన్నీ చేశాక "నాకు ఇది సరిపడదు" అని తేలితే అది కూడా లాభమే. ఆ విద్యార్థి రేపు పిల్లల డాక్టరైనా, గారపళ్ళ బిడ్డను చూస్తే "ఏ బోరు నీళ్ళు?" అని అడుగుతుంది.

తరువాత ఏం జరిగింది?

ఇంటర్వ్యూ అయిన నెల లోపల మన బోర్ల నీళ్ళు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాల్లో పట్టి, సీసా మీద ఊరు, తేదీ రాసి, పరీక్షకు పంపించాం. ఆ అమ్మాయి సెలవుల్లో దగ్గరుండి చేయించింది. చాలావరకు నీళ్ళు బాగానే ఉన్నాయి, అల్‌హందులిల్లాహ్. ఒక్క బోరులో ఫ్లోరైడ్ హద్దు దాటింది.

ఆ బోరు మిర్యాలగూడకు చెందిన ఒక రైస్ మిల్లు యజమాని, మా అందరికీ పెద్దదిక్కు వంటి హాజీ సాబ్, తమ అమ్మగారి పేరు మీద వేయించినది. గట్టు మీద పాలరాతి పలకపై ఆమె పేరు ఉంది. ఆయనకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? కార్యవర్గంలో కొందరు "ఇప్పుడెందుకు, వయసులో పెద్దవారు, మనసు కష్టపెట్టుకుంటారు" అన్నారు. చివరకు మేమూ, ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న కలిసి వెళ్ళాం. కాగితం చదివి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ అమ్మాయిని "బేటీ, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు ఆ నీళ్ళు?" అని అడిగారు. "ఆరేళ్ళ నుంచి చాచా. పెద్దవాళ్ళ కంటే చిన్న పిల్లలకు ఎక్కువ నష్టం. ఇప్పుడు ఆపితే ఇంకా పళ్ళు రాని పిల్లలు బయటపడతారు" అని చెప్పింది.

వారం తిరగకుండా ఆయన ఆ ఊరు వెళ్ళారు. బోరు పిడికి ఎర్ర రంగు వేయించి, "స్నానానికి, బట్టలకు మాత్రమే. తాగరాదు" అని తెలుగులో, ఉర్దూలో రాయించారు. సర్పంచ్‌తో మాట్లాడి భగీరథ నీళ్ళు నిలవ చేసుకోవడానికి బడి దగ్గర ఒక ట్యాంకు కట్టించారు. పాలరాతి పలక ఇప్పుడు ఆ ట్యాంకుకు ఉంది.

ఆ అమ్మాయి తండ్రి తిరుగు ప్రయాణంలో బస్సులో మాతో అన్న మాట: "సార్, నా బిడ్డకు పేషెంట్లు ఉండరని ఇన్నాళ్ళూ రంధి పడ్డాను. ఆ ఊళ్ళో పోరగాండ్లంతా దాని పేషెంట్లేనని ఇవాళ తెలిసింది." అయినా ఆయనకు ఇల్లు గడిచే చింత అలాగే ఉంది. ఉండటం న్యాయమే. ఆ చింతలో పాలు పంచుకోవలసింది మనం.

దాతలకు మా మనవి

ఈ సంవత్సరం నుంచి కార్యవర్గం మూడు నిర్ణయాలు తీసుకుంది. మీ ఆమోదం, సహకారం కోరుతున్నాం.

మొదటిది, సంస్థ పేరుమీద ఏ బోరు వేసినా తాగడానికి వదిలే ముందు నీటి పరీక్ష తప్పనిసరి. ఫ్లోరైడ్ కాలాన్నిబట్టి మారుతుంది కనుక ఏటా వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి మళ్ళీ పరీక్ష. ఫలితం బోరు దగ్గరే రాసి పెట్టాలి. ఇదివరకు వ్యక్తిగతంగా బోర్లు వేయించిన దాతలు కూడా మాకు తెలియజేస్తే పరీక్ష చేయించి ఇస్తాం.

రెండోది, మెడికల్ స్కాలర్‌షిప్‌కు స్పెషాలిటీ అడ్డు కాదు. ఇంటర్వ్యూలో "పేషెంట్లు వస్తారా" అన్న ప్రశ్న మేము ఇక అడగం. "ఎందుకు ఇష్టం, ఎలా తెలుసుకున్నావు" అని అడుగుతాం.

మూడోది, పరిశోధన చేసే విద్యార్థులకు బస్సు చార్జీలు, పరీక్ష కిట్లు, ప్రశ్నాపత్రాల జిరాక్సులు వంటి చిన్న ఖర్చులకు ఒక విడి నిధి. ఒక బోరు వేయించే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం. కాని ఎన్నో బోర్ల మంచిచెడ్డలు తేల్చేది ఇదే.

ఆ అమ్మాయి చివరకు ఏ స్పెషాలిటీ తీసుకుంటుందో మేము ఇప్పుడే చెప్పలేం. ఆమె ముందు ఇంకా పరీక్షలు ఉన్నాయి, ర్యాంకు ఉంది, ఇల్లు ఉంది. ఏది తీసుకున్నా మన స్కాలర్‌షిప్ ఆగదని ఆమెకు మాట ఇచ్చాం.

ఇక మా సంగతి. బొగ్గుతో, ఇసుకతో పళ్ళు తోముకొని వచ్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు నడివయసు మనిషి అయి ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. కనిపిస్తే క్షమాపణ చెప్పాలి. కనిపించకపోయినా, అతని ఊరిలాంటి ఊళ్ళకు ఒక డాక్టరును పంపగలిగితే ఆ బాకీ కొంతైనా తీరుతుందని మా ఆశ.

అల్లాహ్ మన దానాలను, మన పిల్లల శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.